అమ్మానాన్నల ఇంట్లో మంచి అలవాట్లు నిలవాలంటే ఇంటిని ఎలా సర్దాలి?

అడిగినది క్లుప్తంగా: శ్రీకాకుళం దగ్గర పల్లెలో రెండు గదులు, ముందు వసారా ఉన్న శ్లాబు ఇల్లు. నాన్నగారికి 68, అమ్మగారికి 63. పిల్లలు హైదరాబాదులో. నాన్నగారు నడక మానేసి రోజంతా టీవీ ముందే ఉంటున్నారు. అమ్మగారికి రాత్రి నిద్ర పట్టడం లేదు, మనుషులతో మాటలు తగ్గాయి. యోగా వీడియోలు, అడుగులు లెక్కపెట్టే వాచీ, మంచి విషయాలు రాసుకునే డైరీ అన్నీ కొనిచ్చినా పది రోజులు దాటలేదు. ఇంట్లో మార్పులు చేస్తే ఏమైనా ఫలితం ఉంటుందా?

ఉంటుంది. అయితే కొత్త వస్తువులు కొనడం కంటే ఉన్నవాటి చోటు మార్చడం మీదే దృష్టి పెట్టండి. మీరు కొనిచ్చినవన్నీ గుర్తు పెట్టుకుని బీరువాలోంచి తీసి, ఛార్జింగు పెట్టి, కళ్లజోడు వెతుక్కుని మొదలుపెట్టాల్సినవి. మొదలుపెట్టడానికి ముందే నాలుగు చిన్న పనులు అడ్డం ఉంటే ఏ అలవాటూ నిలవదు. అందులో వాళ్ల బద్ధకం ఏమీ లేదు. పెద్దవాళ్ల రోజులో ఎవరూ గుర్తు చేయకుండానే జరిగిపోయే పనులు ఇప్పటికే ఉన్నాయి: పొద్దున్న టీ, పాలు తెచ్చుకోవడం, దీపం పెట్టడం, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం వాకిలి ఊడవడం, రాత్రి సీరియలు. మీరు కోరుకునే మంచి అలవాటు వీటిలో ఏదో ఒకదాని దారిలోనే, చేతికందే ఎత్తులో, ఆలోచించాల్సిన పని లేకుండా ఎదురుపడాలి. కింద రాసేదంతా దాని గురించే.

ముందు ఒక తెల్లకాగితం మీద ఇంటి ప్లాను గీయండి. ఈసారి ఊరెళ్లినప్పుడు రెండు రోజులు ఏమీ మార్చకుండా ఊరికే గమనించండి. ఏ వేళకు ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారు, ఎండ ఎక్కడిదాకా వస్తోంది, గాలి ఎటు నుంచి తగులుతోంది, రోడ్డు ఎక్కడి నుంచి కనబడుతోంది అన్నవి కాగితం మీద గుర్తు పెట్టండి. ఒక ప్రశ్నకు మాత్రం నిజాయితీగా జవాబు వెతకండి: నాన్నగారు టీవీ ముందు కూర్చుంటున్నారా, లేక ఫ్యాను కింద కూర్చుంటున్నారా? చాలా ఇళ్లలో గాలి బాగా వచ్చే ఫ్యాను, వీపు ఆనేలా ఉండే ఒకే ఒక్క కుర్చీ, రెండూ టీవీ ఎదురుగానే ఉంటాయి. మనిషి హాయిని వెతుక్కుంటూ అక్కడ చేరతాడు, చేరాక టీవీ ఎలాగూ ఎదురుగా ఉంటుంది. వసారాలో ఒక ఫ్యాను బిగించి ఆ కుర్చీని అక్కడికి జరిపితే సగం సమస్య అక్కడే తేలుతుంది. 1200 మిల్లీమీటర్ల మామూలు ఫ్యాను 70–75 వాట్లు తింటుంది, బీఎల్‌డీసీ (కరెంటు తక్కువ తినే మోటారు) రకం 28–35 వాట్లలో అదే గాలి ఇస్తుంది కాబట్టి రోజంతా తిరిగినా "కరెంటు బిల్లు" అని ఆపేసే అవసరం రాదు. రెక్కలు నేల నుంచి 7 అడుగులకు తక్కువ ఎత్తులో ఉండకూడదు.

వీధి అరుగు ఉందా? పాత పెంకుటిళ్లకు అరుగు ఉండేది. శ్లాబు ఇళ్లు వచ్చాక అది ప్రహరీ గోడగానో గేటుగానో మారిపోయింది. మాటలు తగ్గాయని మీరు రాసిన దానికి నా దృష్టిలో మొదటి మందు అరుగే. దారిన పోయేవాళ్లు పలకరిస్తారు, మన నుంచి ఏ ప్రయత్నమూ అక్కర్లేదు. అయితే అరుగు కొలతలు తప్పితే అక్కడ ఎవరూ కూర్చోరు, అందుకని వివరంగా చెబుతాను.

పొడవు 6 అడుగులు, లోతు 2 అడుగులు, ఎత్తు 18 అంగుళాలు. మోకాళ్ల నొప్పులుంటే 19–20 చేయండి. 16 కంటే తగ్గితే కూర్చోవడం తేలిక, లేవడం నరకం. లోతు రెండడుగులుంటే కాళ్లు మడుచుకుని కూర్చోవచ్చు, కాళ్లు వేలాడేసుకోవాలంటే వీపు వెనక ఒక బాలీసు పెట్టుకోవచ్చు. ముందు భాగం, రెండు పక్కలు 9 అంగుళాల ఇటుక కట్టుబడి వేసి లోపల గ్రావెల్ నింపితే సుమారు 140 ఇటుకలు పడతాయి, విరిగేవాటితో కలిపి 150 తెప్పించండి. సిమెంటు ఒక పాలు, ఇసుక ఆరు పాళ్లు. లోపలి గ్రావెల్‌ను ఒకేసారి నింపేయకూడదు. ఆరంగుళాల చొప్పున పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టించండి. ఈ పని ఎగ్గొట్టిన అరుగులే మొదటి వానాకాలానికి కుంగి పైన బీటలు వారతాయి. పైభాగం ముందుకు అర అంగుళం వాలు ఉండాలి, లేకపోతే వాననీళ్లు నిలిచి పొద్దున్న ఎవరూ కూర్చోరు. పైన నల్లటి కడప బండ వేయకండి, మధ్యాహ్నపు ఎండకు కాలి సాయంత్రం దాకా చల్లారదు. ఎర్ర గచ్చు గానీ లేత రంగు గరుకు రాయి గానీ మంచిది. అంచులు గుండ్రంగా తీయించండి.

మేస్త్రీలు సాధారణంగా పట్టించుకోనిది ఇంకొకటుంది. కూర్చున్న మనిషి లేవాలంటే పాదాలు కొంచెం వెనక్కి, కూర్చున్న బరువు కిందకి రావాలి. అరుగు ముందు గోడ నిలువుగా ఉంటే పాదాలు వెనక్కి పోవు. అందుకని పైబండ 3–4 అంగుళాలు ముందుకు పొడుచుకు రావాలి, లేదా అడుగున అంత లోతు గాడి వదలాలి. దానితో పాటు ఒక కొసన చేతికి ఆసరాగా కొయ్య స్తంభమో స్టీలు కడ్డీయో ఉంటే పెద్దవాళ్లు ఎవరి సాయమూ లేకుండా లేస్తారు. "లేవడానికి ఎవరినో పిలవాలి" అన్న మొహమాటమే చాలామందిని మంచం దగ్గరే ఉంచేస్తుంది.

ఇక చూపు ఎత్తు. అరుగు మీద కూర్చున్నవాళ్ల కళ్లు అరుగు పైనుంచి 28 అంగుళాల దగ్గర ఉంటాయి. అరుగుతో కలిపి 46. అరుగు కట్టిన నేల మట్టం రోడ్డు కంటే అడుగు, అడుగున్నర ఎత్తులో ఉంటే అది ఐదడుగులు అవుతుంది, దారిన నడిచేవాళ్ల కళ్లు కూడా దాదాపు అక్కడే ఉంటాయి. తల ఎత్తకుండా దించకుండా పలకరింపు కలుస్తుంది. రోడ్డు ఎత్తు పెంచీ పెంచీ ఇల్లు పల్లంలో పడిపోయిన చోట్ల అరుగు మీద కూర్చుంటే జనం మోకాళ్లే కనబడతాయి. అలాంటప్పుడు కింద ఒక దిమ్మె పోసి మొత్తం లేపాలి. ప్రహరీ ఐదడుగులుంటే అరుగు ఎదురుగా ఉన్న ముక్క వరకు మూడున్నర అడుగులకు తగ్గించండి, లేదా పైభాగాన్ని ఇటుకల జాలీగా మార్చండి. రోడ్డుకు పది పన్నెండు అడుగుల లోపు ఉంటే గొంతు పెంచకుండా మాట్లాడుకోవచ్చు. అంతకన్నా దూరమైతే చేయి ఊపడంతో సరి.

అరుగు మీద ఒక చిన్న పని కూడా ఉండాలి. ఖాళీ చేతులతో వీధిలో కూర్చోవడానికి అమ్మగారి తరం ఆడవాళ్లు ఇష్టపడరు. చింతపండు గింజలు తీయడం, చిక్కుళ్లు ఒలవడం, కనకాంబరాలు మాల కట్టడం లాంటి పనిని ఒక చేటలోనో బుట్టలోనో సర్ది గుమ్మం పక్కనే ఉంచండి. పని ఉంటే పక్కింటావిడ కూడా వచ్చి ఓ చేయి వేస్తుంది.

దిక్కుల సంగతికి వస్తే, మన జిల్లాలు 18 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాయి. మే రెండో వారం నుంచి జూలై ఆఖరు దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తిని దాటి కొంచెం ఉత్తరానికి ఉంటాడు. ఆ రోజుల్లో దక్షిణపు గోడకు ఎండ దాదాపు తగలదు, వాయవ్యం నుంచి సాయంత్రపు ఎండ ఏటవాలుగా వచ్చి పడుతుంది. అందుకే ఉత్తరం వాకిలి ఉన్న ఇంట్లో కూడా జూన్ సాయంత్రాలు అరుగు పడమటి పక్కన ఎండ కొడుతుంది. అక్కడ ఒక వెదురు తడిక కట్టాలి. తూర్పు వాకిలి అయితే సాయంత్రమంతా నీడే, అరుగుకు అంతకు మించిన చోటు లేదు. పడమటి వాకిలికి పైన ఎంత చూరు పెంచినా లాభం లేదు. సూర్యుడు కిందకి దిగాక చూరు కిందుగా వచ్చేస్తాడు కాబట్టి నిలువు అడ్డమే కావాలి: తడిక, తీగ పందిరి, లేదా చెట్టు. దక్షిణపు కిటికీకి రెండడుగుల సన్‌షేడు సరిపోతుంది. ఎండాకాలం పూర్తి నీడ ఇస్తుంది, డిసెంబరు మధ్యాహ్నం మాత్రం నాలుగడుగుల కిటికీలో కింది పావుతక్కువ రెండడుగుల మేర ఎండ లోపలికి రానిస్తుంది. చలిలో అమ్మగారి మధ్యాహ్నపు కుర్చీ అక్కడ ఉండాలి.

అమ్మగారి నిద్రను పొద్దున్నే మొదలుపెట్టి సరిచేయాలి. ఇది చాలామందికి వింతగా ఉంటుంది. కంటి వెనక పొరలో చూపుతో సంబంధం లేకుండా వెలుగును మాత్రమే కొలిచే కణాలు కొన్ని ఉన్నాయి. అవి నీలి వెలుగుకు, సుమారు 480 నానోమీటర్ల దగ్గర, ఎక్కువగా స్పందిస్తాయి. పొద్దున్నే గట్టి వెలుగు తగిలితే రాత్రి నిద్ర వేళకు వస్తుంది. ఇంట్లో ట్యూబులైటు కింద 100–300 లక్సులు (వెలుగును కొలిచే లెక్క) ఉంటే, మబ్బు పట్టిన రోజున కూడా ఆరుబయట పది వేల దాకా ఉంటుంది. ఈ తేడాను ఇంట్లో వాడే మామూలు బల్బులు పూడ్చలేవు. కాబట్టి టీ తాగే చోటును వంటింటి మూల నుంచి తూర్పు వైపు వసారాకు మార్చండి. ఒక కుర్చీ, గ్లాసు పెట్టుకోవడానికి ఒక స్టూలు చాలు. అరగంట అక్కడ కూర్చుంటే పని అయిపోయినట్టే. సూర్యుడి వైపు తేరి చూడాల్సిన పని లేదు, చూడకూడదు కూడా.

ఆ కుర్చీ ఎక్కడ పెట్టాలన్నది ఒక్క రోజు చూసి తేల్చేయకండి. జూన్‌లో మన దగ్గర 5:20కే తెల్లారిపోతుంది, సూర్యుడు ఈశాన్యం వైపు పొడుస్తాడు. డిసెంబరులో 6:20 దాటుతుంది, ఆగ్నేయం వైపు జరుగుతాడు. అరసవల్లి సూర్యనారాయణస్వామి పాదాల మీద కిరణాలు పడేది మార్చిలో కొన్ని రోజులు, మళ్లీ అక్టోబరు మొదట్లో కొన్ని రోజులు. పొద్దుపొడుపు చోటు ఏడాదిలో రెండుసార్లు అదే బిందువుకు వస్తుంది కాబట్టి అలా కుదురుతుంది. మీ వసారాలోనూ అంతే. తేలిగ్గా జరపగలిగిన కుర్చీ పెట్టండి, జూన్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి చోటు గుర్తు పెట్టండి.

సాయంత్రం దీనికి తలకిందులు. పొద్దు గుంకాక హాల్లో 6500 కెల్విన్ (వెలుగు రంగుకు కొలత, అంకె తగ్గేకొద్దీ పసుపు) తెల్ల ట్యూబులైటు పదింటి దాకా వెలుగుతుంటే ఒంటికి ఇంకా పగలే అనిపిస్తుంది. రాత్రి ఎనిమిది తర్వాత వాడటానికి విడిగా ఒక స్విచ్చు మీద 2700–3000 కెల్విన్ పసుపు రంగు బల్బు పెట్టించండి, 7 నుంచి 9 వాట్లు చాలు. అది పైకప్పుకు కాకుండా గోడకు, కూర్చున్నవారి భుజం ఎత్తులో ఉంటే ఇంకా మంచిది. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. నిద్ర కోసమని ఇల్లంతా చీకటి చేసేయకండి. అరవై ఏళ్లవారి కంటిపొరకు ఇరవై ఏళ్లవారికి అందే వెలుగులో దాదాపు మూడో వంతే అందుతుంది, కంటి కటకం పసుపుబారుతుంది కాబట్టి. మాత్రల చీటీ చదివే చోట, కూరలు తరిగే చోట, మెట్ల దగ్గర వెలుగు ఎక్కువే కావాలి. మంచం నుంచి బాత్రూము దాకా నేలకు అడుగు ఎత్తులో అర వాటు ఎర్రటి లేదా కాషాయపు రాత్రి దీపాలు రెండు పెడితే అర్ధరాత్రి పెద్ద లైటు వేసి నిద్ర చెడగొట్టుకోవాల్సిన పని ఉండదు, పడిపోయే ప్రమాదమూ తగ్గుతుంది. వాటిలో ఒకటి బ్యాటరీది తీసుకోండి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపాన్లు వచ్చినప్పుడు ఊళ్లకు ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి.

శ్లాబు వేడి అమ్మగారి నిద్రకు రెండో శత్రువు. పగలంతా తాగిన వేడిని శ్లాబు రాత్రి పడకగదిలోకి వదులుతుంది, అందుకే పదింటికి బయట చల్లబడినా లోపల ఉడుకుతూనే ఉంటుంది. ఫిబ్రవరి ఆఖర్లో డాబా మీద మట్టి, పాచి పూర్తిగా గీకి కడిగి, ఆరనిచ్చి తెల్ల సున్నం మూడు పూతలు వేయించండి. ముందు రోజు రాత్రే సున్నాన్ని నానబెట్టి, పల్చటి గుడ్డలో వడకట్టి, బంక కలపాలి. ఒక పూత ఆరాకే రెండోది. ఊడిపోయిందంటే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: కింద దుమ్ము కడగకపోవడం. వానాకాలానికి చాలావరకు కొట్టుకుపోతుంది, ఏటా వేసుకోవాల్సిందే. చల్లదనపు పెయింటు ఖరీదెక్కువ, ఎక్కువ ఏళ్లుంటుంది. మీ బడ్జెట్టును బట్టి చూసుకోండి.

మంచం విషయంలో నులక, నవారు మంచాలను తీసిపారేయకండి. కింద నుంచి గాలి ఆడుతుంది కాబట్టి మన ఉక్కకు పరుపు కంటే అవే నయం. కాకపోతే అవి పొట్టిగా ఉంటాయి, నడుమ దిగబడతాయి, లేచేటప్పుడు మోకాళ్లూ నడుమూ పట్టేస్తాయి. కాళ్ల కింద కొయ్య దిమ్మెలు పెట్టి 18 అంగుళాలకు లేపండి. దిమ్మెలో మంచంకోడు కూర్చునేలా అంగుళం లోతు గుంట తొలిపించాలి, చదునుగా వదిలేస్తే జారుతుంది. నవారు నెలకోసారి బిగించాలి. దోమతెర కట్టే మేకులు శాశ్వతంగా ఉండాలి. రోజూ కట్టే తంటా ఉంటే నాలుగో రోజు కట్టరు. కిటికీలకు దోమల జాలీ బిగిస్తే గాలి బాగా తగ్గుతుందని గుర్తుంచుకోండి. ఎదురు గోడలో కూడా అంతే పెద్ద కిటికీ తెరిచి ఉంటేనే గాలి లోపలికి లాగుతుంది, ఒకే కిటికీ గదిలో ఎంత తెరిచినా ప్రయోజనం కొద్దే.

హాల్లో కుర్చీలు. మీరు పంపిన వివరాల్లో సోఫా, కుర్చీలు అన్నీ గోడకి ఆనించి, టీవీ వైపు తిరిగి ఉన్నాయి. ఇది మన దగ్గర ప్రతి ఇంట్లోనూ ఉండే ఏర్పాటే. 1950ల్లో కెనడాలో సస్కాచెవాన్ రాష్ట్రంలోని ఒక ఆసుపత్రిలో వయసు మళ్లినవారి వార్డులో రాబర్ట్ సోమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇదే చూశాడు. కొత్త రంగులు, కొత్త కుర్చీలు వేసి గదిని అందంగా మార్చినా అందరూ గోడల వెంట వరసగా కూర్చుని మాటామంతీ లేకుండా ఉండేవారు. కుర్చీలను చిన్న బల్లల చుట్టూ మార్చాక కొన్ని వారాల్లో సంభాషణలు దాదాపు రెట్టింపయ్యాయి. బల్లకు ఎదురెదురుగా కంటే మూల కలిసే రెండు వైపులా కూర్చున్నవారు ఎక్కువ మాట్లాడుకుంటారని కూడా ఆయనే గమనించాడు.

మీ ఇంట్లో దీనికి ఖర్చేమీ లేదు. రెండు కుర్చీలు ఒకదానికొకటి మూల వచ్చేలా, మోకాళ్ల మధ్య రెండు, రెండున్నర అడుగులు ఉండేలా పెట్టి, మధ్యలో 22–24 అంగుళాల ఎత్తు బల్ల వేయండి. మంచినీళ్ల చెంబు, కళ్లజోళ్లు, మాత్రల డబ్బా, పేపరు అన్నీ దాని మీదే. టీవీని ఆ మూల నుంచి పక్కకు తిరిగితే కనబడేలా ఉంచండి, తీసేయొద్దు. సీరియలు ఇద్దరూ కలిసి చూసే గంట కూడా వాళ్ల కాపురంలో భాగమే, దాని మీద యుద్ధం ప్రకటిస్తే మిగతా మార్పులన్నీ తిరగ్గొడతారు. మీ వీడియో కాలు కూడా అక్కడికే రావాలి: ఫోను నిలబెట్టే స్టాండు ఆ బల్ల మీద, కిటికీ వెలుగు వాళ్ల ముఖాల మీద పడేలా. వెలుగు వెనక నుంచి వస్తే మీకు వాళ్ల ముఖాలు నల్లగా కనబడతాయి, "సరిగ్గా కనబట్లేదు" అంటూనే కాలు ముగిసిపోతుంది. వారంలో రెండు వేళలు ఖాయం చేసుకుని ఇద్దరూ కూర్చున్నప్పుడే చేయండి. ఛార్జరు కూడా హాల్లోనే ఉంచితే రాత్రి ఫోను మంచం దగ్గరకు చేరదు.

నాన్నగారి నడక గురించి చెప్పాల్సింది కాస్త ఉంది. "ఊరికే నడవండి" అంటే ఆ తరం మగవాళ్లకు ఎక్కదు, పని మీద వెళ్తారు. ఇంటికి పేపరు వేయించడం మాన్పించండి. పాల ప్యాకెట్టు, పూలు, పేపరు కోసం ఆయనే వెళ్లాలి. అర కిలోమీటరు దూరంలో ఉన్న కొట్టుకు పోయి వస్తే కిలోమీటరు నడిచినట్టే, దారిలో ఇద్దరు పలకరిస్తారు, టీ కొట్టు దగ్గర పది నిమిషాలు మాట పడుతుంది. గుమ్మం పక్కన మూడున్నర నాలుగు అడుగుల ఎత్తులో మూడు కొక్కేలు బిగించండి: సంచి, గొడుగు, చేతికర్ర. వాటి కింద చెప్పులు తొడుక్కోవడానికి 18 అంగుళాల స్టూలు. చెప్పులు వంగి వెతుక్కోవాల్సి వస్తే, ఒక కాలి మీద నిలబడి తొడుక్కోవాల్సి వస్తే బయలుదేరడమే వాయిదా పడుతుంది. గడియారం చూసి వేళ పెట్టకండి, తెల్లారిన అరగంటకు అని పెట్టండి. మేలో ఆరుకు బయలుదేరితే ఎండ ముదిరేలోగా ఇంట్లో ఉంటారు, డిసెంబరులో అదే ఆరింటికి చీకటి, మంచు. వానాకాలం ఇంట్లోనే నడవమని చెప్పడం ఆచరణలో కుదరదు. ఇరవై అడుగుల వసారాలో కిలోమీటరు పూర్తి కావాలంటే ఎనభై సార్లకు పైగా పోయి రావాలి. దానికి బదులు అన్నానికి కూర్చునే ముందు అదే కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోమనండి. తొడలకు బలం వస్తే వాన తగ్గాక నడక మళ్లీ తేలిగ్గా అందుకుంటారు. గుండె జబ్బో, మోకాలి ఆపరేషనో ఉంటే ముందు డాక్టరును అడగాలి.

డైరీ సంగతి. రోజూ మూడు మంచి విషయాలు, అవి ఎందుకు జరిగాయో రాసుకునే పద్ధతిని మార్టిన్ సెలిగ్‌మన్ బృందం 2005లో పరీక్షించింది. ఒక్క వారం రాసినవారిలో సంతోషం ఆరు నెలల తర్వాత కూడా మెరుగ్గా కనిపించింది. పద్ధతి మంచిదే, మీ డైరీ తప్పు. అమ్మగారు పాల లెక్క, గ్యాసు వచ్చిన తేదీ ఎక్కడ రాస్తున్నారు? వంటింటి గోడ మీద తెలుగు క్యాలెండరు గడుల్లోనే కదా. ఆ గడిలోనే ఒక్క మాట రాయమనండి: "జాజి పూసింది", "చెల్లి ఫోను", "పులుసు బాగా కుదిరింది". మూడు అక్కర్లేదు. పెన్సిలు దారంతో క్యాలెండరు మేకుకే కట్టేయండి. క్యాలెండరు మధ్య భాగం నేల నుంచి నాలుగున్నర అడుగుల దగ్గర, వెలుగు పడేచోట ఉండాలి. తలుపు వెనక తగిలిస్తే పని జరగదు. ముఖ్యంగా, ఫోనులో "ఇవాళ రాశావా?" అని మీరు అడగకండి. అడిగిన రోజున అది హోంవర్కు అయిపోతుంది. ఊరెళ్లినప్పుడు పాత నెలలు తిరగేసి ఇద్దరూ కలిసి చదవండి, ఆవిడకు అదే బహుమతి.

ప్రశాంతంగా కూర్చోవడానికి వేరే ధ్యానం గది ఆలోచన వద్దు. దేవుడి గూటి ముందు రోజూ జరిగే దీపారాధన ఉంది, దానికి ఐదు నిమిషాలు చేర్చండి. కింద కూర్చోలేకపోతే చేతులున్న కుర్చీ వేయండి, దీపం ఎత్తు దానికి తగ్గట్టు పెంచండి. చిన్న గదిలో తలుపేసి అగరొత్తులు, కర్పూరం వెలిగిస్తే పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు, కిటికీ తెరిచే చోటుకు మార్చండి. వాస్తు పట్టింపు ఉంటే వాదించకండి. కుర్చీలు, దీపాలు, కొక్కేలు జరపడానికి అది అడ్డు రాదు.

మొక్కల విలువ తెలిసిందే. 1984లో రోజర్ ఉల్‌రిచ్ ప్రచురించిన పరిశోధనలో పిత్తాశయం ఆపరేషను అయినవారిలో కిటికీలోంచి చెట్లు కనిపించినవారు, ఇటుక గోడ కనిపించినవారి కంటే త్వరగా ఇంటికి వెళ్లారు, నొప్పి మందులూ తక్కువ పడ్డాయి. మంచంలోంచి, వంటింట్లోంచి ఒక్క పచ్చటి కొమ్మ కనబడితే చాలు. కుండీలు ఆరు, ఎనిమిది దాటొద్దు, దాటితే అది చాకిరీ. నడుము వంచకుండా అందేలా రెండడుగుల దిమ్మె మీద పెట్టి, నీళ్లకు రెండు మూడు లీటర్ల డబ్బా ఇవ్వండి. పిట్టగోడ మీద కుండీలు పెట్టకండి, సెప్టెంబరు నుంచి నవంబరు దాకా తుపాను హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ దించుకోలేరు.

వంటగట్టు గురించి అడగలేదు గానీ, అమ్మగారి భుజాలు నొప్పులంటే అదే కారణం కావచ్చు. మోచేయి ఎత్తుకు నాలుగైదు అంగుళాలు కిందగా గట్టు ఉండాలి. ఐదడుగుల మనిషికి 32 అంగుళాలు సరిపోతాయి, మేస్త్రీలు అలవాటుగా 34 కడతారు, దాని మీద స్టవ్వు ఇంకో నాలుగైదు పెంచుతుంది. గట్టు పగలగొట్టక్కర్లేదు, నిలబడే చోట నాలుగంగుళాల ఎత్తు, రెండున్నర అడుగుల లోతు, గట్టు పొడవునా సాగే చెక్క వేదిక వేస్తే సరి. పొట్టిగా ఒక పీట మాత్రం వేయకండి, అంచు దాటి అడుగు పడితే కాలు మెలిపడుతుంది. బాత్రూములో 33–36 అంగుళాల ఎత్తులో పట్టుకునే కడ్డీలు, గరుకు పలకలు ముందే వేయించేయండి, దీని మీద చర్చ అక్కర్లేదు.

ఇవన్నీ ఎక్కడ చెడతాయంటే, పిల్లలు సంక్రాంతికి వచ్చి మూడు రోజుల్లో ఇల్లంతా మార్చేసి కనుమ మర్నాడు రైలెక్కినప్పుడు. చీకట్లో కూడా తడుముకోకుండా తిరిగే ఇల్లు వాళ్లది. ఒక్కసారిగా మారిస్తే కాలికి కుర్చీ తగులుతుంది, మాత్రలు కనబడవు, పదిహేను రోజుల్లో అన్నీ పాత చోటుకే చేరతాయి. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2010లో ప్రచురించిన లెక్కలో ఒక కొత్త పని అలవాటుగా కుదరడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18, కొందరికి 254 అని అంచనా. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్దగా నష్టం లేదని కూడా తేలింది. కాబట్టి ఒక్కో రాకకు కొన్ని మార్పులే, మధ్యలో కనీసం రెండు నెలలు. ఈసారి వసారా ఫ్యాను, టీ కుర్చీ, రాత్రి దీపాలు, బాత్రూము కడ్డీలు. తర్వాతి రాకకు హాలు కుర్చీలు, కొక్కేలు, క్యాలెండరు. అరుగు, సున్నం పని వేసవి ముందు. ఏది చేసినా వాళ్లనే అడిగి, వాళ్ల చేతే చోటు చూపించండి. జరిపిన కుర్చీ మళ్లీ పాత చోటుకు వెళ్లిందంటే కోప్పడకుండా ఎందుకో కనుక్కోండి. కొత్త చోట ఎండ పడుతోందనో, వీధి కుక్క వస్తోందనో, ఫ్యాను చప్పుడనో ఒక కారణం ఉంటుంది, అది సరిచేస్తే కుర్చీ తిరిగి వస్తుంది.

ఎన్ని నీళ్లు తాగాలన్నది మాత్రం బల్ల మీద చెంబు పెట్టి ఇంటి సర్దుబాటుతో తేల్చే విషయం కాదు. మీ ఊరు కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపైతే, కిడ్నీ పరీక్షల్లో ఏదైనా తేడా ఉంటే, ఆ లెక్క డాక్టరు చెప్పాలి.

మరొక మాట, ఇది అన్నిటికంటే ముఖ్యం. అమ్మగారికి నిద్ర పట్టకపోవడం, మాట్లాడబుద్ధి కాకపోవడం రెండు వారాలకు మించి ఉండి, ఆకలి తగ్గడం, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోవడం, "నేనెందుకు" లాంటి మాటలు తోడైతే అది కుంగుబాటు కావచ్చు. దానికి కుర్చీలు, దీపాలు తోడు నిలుస్తాయే తప్ప వైద్యం కాలేవు. థైరాయిడ్, రక్తహీనత, వాడుతున్న మందులు కూడా ఇలాగే కనబడతాయి కాబట్టి ముందు డాక్టరుకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు క్యాలెండరు పైభాగంలో పెద్ద అంకెల్లో రాసి పెట్టండి.

మీ వాకిలి ఏ దిక్కు, రోడ్డుకు ఇంటి మట్టానికి తేడా ఎంత, వసారా వెడల్పు ఎంత అన్నవి రాస్తే అరుగు ఎటు పక్క వేయాలో, తడిక ఎక్కడ కట్టాలో కొలతలతో చెబుతాను.